‘పుట్ అప్ విత్’ తెచ్చిన తంటా

ఉద్యోగం దొరికిన కొత్తలో మనిషికి తనకు తెలియనిదంటూ లేదనిపిస్తుంది. నాకు ఆ భ్రమ ఇంగ్లీషు విషయంలో మరీ ముదిరింది. డెబ్బైల నాటి మాట. రాయపూర్ శంకర్ నగర్‌లోని ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసు కాగితాల్లో ఇంగ్లీషు. ఆ మూడోదాన్ని లొంగదీయాలని ఓ పాత పుస్తకం కొని, క్రియ పక్కన చిన్న మాట చేరితే అర్థం ఎలా మారిపోతుందో రోజూ పైకి చదువుతూ బట్టీ పట్టేవాణ్ని. పుట్ అంటే పెట్టు, పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యి, పుట్ అప్ విత్ అంటే ఓర్చుకో. (మా అమ్మ వినీ వినీ, "ఆ ఓర్చుకోడమేదో మేం చేస్తన్నాం గదరా" అనేది.)

మా రైల్వే కాలనీలో కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఒకటుండేది. ఆ ఇంటి కోడల్ని నర్సక్క అనేవాళ్లం. రెండేళ్లుగా ఆమె ఉద్యోగం ధమ్తరీ సర్కారు ఆసుపత్రిలో. భర్త, మూడేళ్ల పాప, అత్తగారు ఇక్కడ. ఆదివారాలు వచ్చి వెళ్లేది. రాయపూర్‌కు బదిలీ కోరుతూ ఆమె పెట్టిన అర్జీ మా ఆఫీసుకే వచ్చింది. "పాప వాళ్ల నాయనమ్మని అమ్మా అంటోంది. నా అర్జీ మీద కాస్త ధ్యాన్ పెట్టు తమ్ముడూ" అంది.

ఆ వారంలోనే అర్జీ మా పై అధికారి సాహెబ్ గదిలోంచి నా బల్ల మీదికొచ్చింది. అంచున ఒకే వాక్యం: ‘పుట్ అప్ విత్ ప్రీవియస్ పేపర్స్.’ పాత కాగితాలతోనే, అంటే పాత ఆర్డరుతోనే ఓర్చుకోమన్నారన్నమాట. ఇంత కర్కశంగా రాశారేమిటా అనుకున్నానే గాని, నా అనువాదం మీద నాకు రవ్వంత అనుమానం రాలేదు. అర్జీని ముగిసిన ఫైళ్లలో పెట్టేసి, ఆదివారం నర్సక్కకు చెప్పాను.

"ఓర్చుకోమనే రాశారా?" అంది.

"అవునక్కా. నా కళ్లతో చదివాను."

ఆమె ఏడవలేదు. పాపకు జడ వేస్తోంది. కట్టిన రిబ్బను విప్పి మళ్లీ కట్టింది. "రెండేళ్లు ఓర్చుకున్నాను. ఇక నావల్ల కాదు. రాజీనామా ఇచ్చేస్తాను" అంది.

మంగళవారం బడేబాబు (హెడ్ క్లర్కును అలాగే పిలిచేవాళ్లం) ఆ నర్సు ఫైలు సాహెబ్ అడుగుతున్నారన్నాడు. ఆయనే కాదన్నారు కదా అంటూ అర్జీ తీసి చూపించాను. బడేబాబు కళ్లజోడు పెట్టుకుని దాన్ని చదివాడు. ఆఫీసులో పుట్ అప్ అంటే అధికారి ముందు పెట్టడమనీ, ‘విత్’ ఆ తర్వాతి మాటలదనీ, పాత కాగితాలు జతచేసి తన ముందు పెట్టమని సాహెబ్ రాశారనీ హిందీలో నెమ్మదిగా విడమరిచాడు. చివర్లో, "పఢే లిఖే హో, యహీ తో దిక్కత్ హై" అన్నాడు. చదువుకున్నావు, అదే ఇబ్బంది అని.

వెంటనే ఫైలు సాహెబ్ ముందు పెట్టి, పూట సెలవు తీసుకుని ధమ్తరీ బస్సెక్కాను. నర్సక్క వార్డులో మందులిస్తోంది. రాజీనామా అప్పటికే రాసి జేబులో పెట్టుకుంది.

"అది ఇవ్వకక్కా. సాహెబ్ మళ్లీ చూస్తున్నారు."

"నువ్వు అడిగావా?"

నేనేమీ అనలేదు. దాన్ని ఆమె వినయం అనుకుంది.

రెండు నెలలకు బదిలీ వచ్చింది. నర్సక్క నన్ను భోజనానికి పిలిచి, చేపల పులుసు వడ్డిస్తూ, "మా తమ్ముడే సాబ్‌తో బాత్ చేసి తెప్పించాడు" అని అత్తగారికి చెప్పింది. నిజం చెబుదామని నోరు తెరిచాను. అత్తగారు ఇంకో ముక్క వేశారు. ఆ వయసులో నాకు ఆకలి ఎక్కువ, ధైర్యం తక్కువ. ఇప్పుడు ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే కోప్పడబుద్ధి కాదు. పులుసు నిజంగానే బాగుంది.