మగ్గం గదిలో ఆరబెట్టిన ట్యాంకు

నా చిన్నప్పుడు మా ఇంటి ముందున్న అన్నిటికంటే విలువైన వస్తువు మాది కాదు. అది మా బావ మోటార్ సైకిల్. మా అక్కను వనపర్తికి ఇచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. బావ ఉద్యోగం పని మీద హైదరాబాదు రైలెక్కుతూ, బండిని గద్వాలలో మా వాకిట్లో పెట్టి, తాళంచెవి నాన్న చేతికిచ్చి వెళ్ళాడు. అవసరమైతే తోలమన్నది మర్యాదకేనని మా అమ్మ అభిప్రాయం. నాన్న మాత్రం ఆ మాట నిజమే అనుకున్నాడు.

మేము నేతగాళ్ళం. ఐజలో ఒక పెళ్ళింటికి చీర అందించాల్సిన రోజున బస్సు తప్పిపోతే నాన్న ఆ బండి తీశాడు. తిరిగి వచ్చేసరికి ట్యాంకు ఒక పక్కంతా గీసుకుపోయి ఉంది. సీటు కింది రేకు డొప్ప మీద రంగు లేచిపోయింది. కంకర మీద కాస్త జారిందన్నాడు. ఇంటిల్లిపాదీ బండి చుట్టూ మూగాం. నేను ఒక్కో గీతనూ వేలితో తడిమి చూశాను. కొత్త అల్లుడి ముందు తలెత్తుకునేదెలా అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

బావ వచ్చేలోగా రంగు తానే వేస్తానన్నాడు నాన్న. రంగుల విషయంలో ఆయనకు కాస్త గర్వం. ట్యాంకు మీద రకరకాల పట్టు పోగులు పెట్టి చూసి, సరిగ్గా కలిసిన ఎర్రపోగును పట్టుకుని దుకాణానికి వెళ్ళి, దానికి సరిపోయే డబ్బా తెచ్చాడు. ట్యాంకూ డొప్పలూ విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, బ్రష్షుతో మందంగా పూశాడు. నిజంగానే ముచ్చటగా వచ్చింది. వీధిలో కనబడిన వాళ్ళందరికీ నేను గొప్పగా చెప్పుకున్నాను.

ఆరబెట్టే దగ్గరే వచ్చింది తంటా. బయట గాలి, దుమ్ము. మా ఇంట్లో దుమ్ము చొరబడని చోటు మగ్గం గది ఒక్కటే. పోగులు ఎండి తెగకుండా దాని కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచుతాం. నాన్న దూలానికి తాడు కట్టి అన్నీ అక్కడ వేలాడదీశాడు. ఇంకెవరైనా అయితే ఆ పని చేయరు. నూలు మధ్యనే పుట్టి పెరిగిన మాకు, ఆ గదిలో గాలి నిండా నూగు తేలుతుందన్న సంగతే కంటికి ఆనదు. రంగు త్వరగా ఆరలేదు. పని ఆపుకునే స్థితి కాదు కాబట్టి అమ్మ రాట్నం తిప్పింది, నాన్న మగ్గంలో కూర్చున్నాడు. సాయంత్రానికి ఎర్రటి ట్యాంకుకు తెల్లగడ్డం మొలిచినట్టు నూగు అంటుకుపోయింది. లాగితే రంగు కూడా ఊడి వస్తోంది.

"అల్లుని బండి ముట్టద్దంటే ఇన్నవా? ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని ఆయన ముందట నిలవడ్తవు?" అని అమ్మ వీధికి వినబడేలా అరిచింది. ఇరుగుపొరుగు వచ్చి చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అంతకుముందే గొప్పలు పోయిన నాకు ఆ నవ్వు భరించరానిదైంది. ఈయన మా నాన్న కాకపోతే బాగుండుననిపించింది.

మర్నాడే బావ రైలు దిగాడు. నూగుతో ఉన్న ట్యాంకునూ డొప్పలనూ నాన్న అప్పటికే బండికి బిగించేశాడు. బావను చూసి మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"మీ బండి ఖరాబు చేస్తి అల్లుడా. కింద పడేసిన. తెల్వకుండ చేద్దామని రంగేస్తే గిట్లయింది" అన్నాడు తల ఎత్తకుండా.

బావ బండి వైపు ఒకసారి చూసి, వెంటనే నాన్న వైపు తిరిగాడు.

"బండి సంగతి తర్వాత మామా. యాడ పడ్డరు? మీకేమన్న దెబ్బ తాకిందా?"

నాన్న పంచెను ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. బావే వంగి పంచె అంచు పైకెత్తాడు. మోకాలు వాచి చీము పట్టి ఉంది. పడ్డ నాటి నుంచి ఆయన అదే కాలితో మగ్గం తొక్కుతున్నాడు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నేను రోజూ ఆయన పక్కనే కూర్చుని నూలు చుట్టిన కండెలు అందించిన పిల్లను. ట్యాంకు మీద ఏ గీత ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. మోకాలు మాత్రం నాకు కనబడలేదు. నిన్నగాక మొన్న ఇంటికి అల్లుడైన మనిషి గడపలోనే అడిగిన మాట, కన్నబిడ్డనైన నాకు తట్టలేదు. ఆ పూట నేను నాన్న ముఖం చూడలేకపోయాను.

బావ ఆ నూగు బండి మీదే నాన్నను దవాఖానకు తీసుకెళ్ళాడు. నవ్విన వాళ్ళంతా చూస్తుండగా, నాన్నకు కుదుపు తగలకుండా మెల్లగా తోలాడు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరి చేతిలో ఏది పగిలినా ముందు ఆ చేతిని చూడాలని నాకు నేను చెప్పుకుంటూనే ఉంటాను. మొన్న నాగర్‌కర్నూల్ నుంచి మనవడు ఫోన్ చేసి, "అమ్మమ్మా, బండి మీదికెల్లి కింద పడ్డ" అన్నాడు. కొత్తగా కొన్న బండి. "అయ్యో, బండికేం కాలేదు గద బిడ్డా?" అనేశాను.

"ఏం కాలే అమ్మమ్మా, బండి మంచిగనే ఉన్నది" అన్నాడు వాడు మెల్లగా.

చేతికి కట్టు కట్టారన్న సంగతి నేను మళ్ళీ అడిగాకే చెప్పాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఎవరి ముఖమూ చూడలేకపోయాను.