గరుడను గద్దన్న పాపం

ఆ రోజుల్లో నాకు రెండు జతల కళ్ళుండేవి. దేవుడిచ్చినవి ఒక జత, మెడలో వేలాడే బైనాక్యులర్స్ ఒక జత. రెండు జతలతో చూసినా ఏమీ కనబడని మూర్ఖుణ్ణి కూడా ఆ రోజుల్లో నేనే. బాపట్లలో చదువుకునేవాణ్ణి. పాఠ్యపుస్తకాలు కొనుక్కోరా అని తెనాలి నుంచి నాన్న డబ్బు పంపితే పక్షుల బొమ్మల పుస్తకం కొన్నాను. ఇక ఆకాశంలో ఏది ఎగిరినా ఠక్కున పేరు చెప్పేవాణ్ణి (పైనున్నది కిందికి దిగి కాదనదు కదా, అదీ ధైర్యం).

మా రూమ్మేటు వాళ్ళది రేపల్లె అవతల, సముద్రపు పాయ ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. వాళ్ళ నాన్న కొత్త పడవ కట్టించి, నీళ్ళలోకి దించే రోజున నన్నూ పిలిచారు. పూజయ్యాక నెత్తిమీద గరుడ పక్షి కనబడితేనే పడవను తోయడం వాళ్ళింటి ఆనవాయితీ. అది కూడా సముద్రం పోటు మీద ఉండగానే కనబడాలి. పాటు మొదలైతే పాయలో నీళ్ళు జారిపోయి బురద మిగులుతుంది. మళ్ళీ సాయంత్రం దాకా పడవ కదలదు.

తెల్లవారగానే కొబ్బరికాయ కొట్టారు. అంతలో చేపలు ఎండబెట్టిన చోటు మీద గోధుమరంగు పక్షి ఒకటి చక్కర్లు కొట్టింది. "వచ్చాడ్రా సామీ!" అంటూ నలుగురూ చెంపలు వేసుకోబోయారు. నేను బైనాక్యులర్స్ ఎత్తాను.

"ఆగండాగండి! గరుడకి తలా రొమ్మూ తెల్లగా ఉండాలండి. ఇది ఉత్త గద్ద."

చేపలు తిరగేస్తున్న మా వాడి నాయనమ్మ తలెత్తింది. "పిల్లది నాయనా, ఇంకా తెల్లబడలా. రంగు కాదు, తోక చూడు. ఇసనకర్రలాగా గుండ్రంగా లేదూ? గద్ద తోకైతే చేప తోకలాగా చీలి ఉంటది."

"పుస్తకంలో అలా లేదు మామ్మగారూ."

"నాకు మాత్రం పుట్టగానే జుట్టు నెరిసిందా ఏంటి?"

అందరూ నవ్వారు, వాళ్ళ నాన్న తప్ప. "ఊరుకోవే అమ్మా! చదూకున్న పిల్లోడు, అద్దాల్లో చూసి చెప్తన్నాడు. తప్పు శకునం మీద పడవ తోస్తామా?" అన్నారాయన. ఆ గౌరవం నన్ను ముంచింది, పడవను మాత్రం తేల్చలేదు.

చూస్తూ కూర్చున్నాం. నీళ్ళు వెళ్ళిపోయాయి. కొత్త పడవ బురదలో ఓ పక్కకి ఒరిగింది. సరిగ్గా అప్పుడు తెల్లని రొమ్ముతో అసలు గరుడ వచ్చింది. కీచుమంటూ దాని వెనకే మా గోధుమరంగుది! తల్లి కాళ్ళలోని చేపను ఆ పిల్ల గాల్లోనే అందుకుంది. (తర్వాత చూస్తే ఆ సంగతి నా పుస్తకంలోనూ ఉంది, బొమ్మ కింద చిన్న అక్షరాల్లో. నేను బొమ్మలు మాత్రమే చదివాను.)

ఇక సాయంత్రం దాకా ఏ కాకి వాలినా "సారూ, ఇది కోడా, కొంగా?" అని అడగనివాడు లేడు. వాళ్ళ నాన్న మాత్రం చేపల పులుసు తనే కొసరి కొసరి వడ్డించారు. ఆ మర్యాద ముళ్ళకంటే ఎక్కువ గుచ్చుకుంది. మా వాడికి మాత్రం ఆనాటి నుంచి నేను 'గద్ద సారు'నే. నా పెళ్ళిలో మా అత్తవారికి కూడా ఆ పేరుతోనే పరిచయం చేశాడు.

ఆ సిగ్గుతోనే, సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి ఆ మామ్మ పక్కన కూర్చుని తోకలు నేర్చుకున్నాను. ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాను. ఆదివారాలు అంగలకుదురు పొలాల్లో మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తుంటాను. మామ్మ లేదు.

ఈమధ్య ఓ ఉదయం మా వాడు ఫోన్ చేశాడు. "ఒరే గద్ద సారూ, ఇంకో పడవ దించుతున్నాం. నెత్తిన ఏదో తిరుగుతోంది, నా కళ్ళకి ఆనట్లా. ఫొటో పంపా, చూడు. పాటొచ్చేస్తంది, నాన్న కంగారు పడతన్నాడు. మామ్మ కూడా లేదుగా, నువ్వే చెప్పాలి. గరుడేనా?"

ఫొటో పెద్దది చేసి చూశాను. తోక చేప తోకలాగా చీలి ఉంది. ముమ్మాటికీ గద్ద. ఆ కాలేజీ కుర్రాడైతే ఉన్నమాట గట్టిగా చెప్పి, ఆ ముసలాయన్ని మళ్ళీ బురద ఒడ్డున కూర్చోబెట్టేవాడు.

"గరుడే, అనుమానం లేదు. తొయ్యండి," అన్నాను.

ఫోన్‌లో కేకలు, వెనకే నీళ్ళ చప్పుడు వినిపించాయి. మా వాడు ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టాడు. రోజూ అగరొత్తి వెలిగిస్తాడు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ఆ గద్దగారికి అందరికంటే ముందు నేనే దణ్ణం పెడతాను.