మూడు సుమైతాంగులు, ఒక మూట

కాన్పుకి మా వకుళ పుట్టింటికి రావాలి. కానీ తొలిచూలు ఏడో నెలలో పోవడంతో ఈసారి బస్సెక్కవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకని నేనే బయలుదేరాను. అల్లుడు నగరి అవతల, తమిళనాడు సరిహద్దు దగ్గర ఒక నేతగాళ్ళ ఊళ్ళో బడిపంతులు. "అత్తా, నగరి మీదుగా పోయే బస్సెక్కి సుమైతాంగి దగ్గర దిగండి. సైకిలు తీసుకొని వస్తాను" అని కార్డు రాశాడు. సుమైతాంగి ఒక్కటే ఉంటుందనుకుని రాశాడు, నేనూ అలాగే చదువుకున్నాను.

తిరుపతిలో ఆరున్నర బస్సెక్కాను. టిక్కెట్టు మూడు రూపాయల చిల్లర. మెత్తని పాతచీరలు, బాలింతకు పెట్టే కాయం సీసా, ఆముదం, స్వామి తీర్థం ఒక మూటగా కట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. రేణిగుంట, వడమాలపేట దాటి, పుత్తూరు ఇంకా రాకముందే కండక్టరు "సుమైతాంగి ఎవురు?" అని కేకేశాడు. గబగబా దిగాను. దుమ్ము రేపుకుంటూ బస్సు వెళ్ళిపోయింది. అల్లుడు లేడు.

రోడ్డు పక్కన రెండు నిలువు రాళ్ళ మీద ఒక అడ్డరాయి ఉంది, భుజమెత్తున. సుమైతాంగి తమిళ మాట, బరువు మోసేదని అర్థం. నెత్తిన మోపున్న మనిషి ఇంకొకరి సాయం లేకుండా దాని మీద దించుకుని, అలుపు తీరాక మళ్ళీ ఎత్తుకోవచ్చు. నేనూ మూట దాని మీద పెట్టి నీడ కోసం చూస్తున్నాను. ఇంతలో గడ్డిమోపుతో ఒక పెద్దావిడ వచ్చింది.

"రవ్వంత జరుపమ్మా. రాయంతా నువ్వే రిజర్వు చేసుకున్నావే" అంటూ మోపు దించింది. "ఏముండాది మూటలో, కోడిగుడ్డు మాదిరి పట్టుకున్నావు?"

"మా అమ్మాయికి నెలలు నిండినాయి. దానికి గుడ్డలు, కాయం."

ఆమె నవ్వు ఆగిపోయింది. "సూలాలి గుడ్డలు దీని మీద పెట్టినావా తల్లీ?"

ఎందుకలా అన్నావని అడిగాను. ఆమె మోపు తాడు బిగించుకుంటూ చెప్పింది. "కడుపుతో సచ్చిపోయిన ఆడబిడ్డ పేరు మీద గదమ్మా ఇది నిలిపేది. మోసే బరువు దించకుండానే పాయె ఆ బిడ్డ. దోవన పోయేటోళ్ళు ఈడ దించుకుంటా ఉంటే, ఆయమ్మ బరువు గూడా దిగుతాదని."

మూట లాక్కుని చంకలో పెట్టుకున్నాను. అల్లుడి ఊరి పేరు చెబితే ఆమె తల అడ్డంగా ఊపింది. "అది ఇది కాదమ్మా. నగరి దాటినాక ఇంకోటి ఉండాది, ఆడ దిగల్ల. ఈ దోవన శానా ఉండాయిలే సుమైతాంగులు."

శానా అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. అంటే అంతమంది ఆడపిల్లలు.

గంటసేపటికి ఇంకో బస్సు వచ్చింది. సుమైతాంగి అనగానే ఆ కండక్టరు, "పుత్తూరు అవతలదా, నగరి అవతలదా? ఉట్టి సుమైతాంగి అంటే నేను యాడ దింపేదమ్మా?" అన్నాడు. "దానికీ ఇంటిపేరు పెట్టల్ల అబ్బా" అని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పుత్తూరు దాటాక కిటికీలోంచి రెండోది కనిపించింది. దాని మీద ఏవో అక్షరాలున్నాయి. మా బిడ్డ పేరుంటుందేమోనన్న పిచ్చి భయంతో మొహం తిప్పుకుని, ముక్కులా పొడుచుకొచ్చిన నగరి కొండను చూస్తూ గోవింద నామాలు చెప్పుకున్నాను.

మూడోదాని దగ్గర దిగేసరికి పదకొండు దాటింది. అక్కడా అల్లుడు లేడు. నా ఆలస్యం చూసి వెళ్ళిపోయాడా? అసలు రాలేదా? రాకపోతే ఎందుకు? ఊరు మైలు దూరం, మట్టిదారి. చంకలో మూట బరువుకి చెయ్యి తిమ్మిరెక్కింది. కింద మట్టిలో పెట్టలేను, తీర్థం ఉంది. రాయి మీద పెట్టడానికి ధైర్యం లేదు. అక్కడే నిలబడి ఆ రాతి మీది అక్షరాలు చదివాను. పేరంతా అరిగిపోయి, చివర 'అమ్మ' మాత్రం మిగిలింది.

నా పిల్లను నేను పిలిచేదీ అమ్మా అనే. ఆ పోయిన పిల్లనూ వాళ్ళమ్మ అలాగే పిలిచి ఉంటుంది. మూట రాయి మీద దించాను. "తల్లీ, నీ బరువు దిగనీ. నా బిడ్డ బరువూ సుఖంగా దిగనీ" అన్నాను. చెయ్యి కాస్త స్వాధీనమయ్యాక మూట ఎత్తుకుని నడిచాను.

వీధిలో మగ్గాల చప్పుడు వినిపిస్తోంది గాని అల్లుడి ఇంట్లో అలికిడి లేదు. గడప దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. గదిలోంచి మంత్రసాని గొంతు వినిపించింది: "ఎవురది? వకుళమ్మ వాళ్ళమ్మేనా? పాతగుడ్డలు తెచ్చినావా లేదా? అల్లుడు నర్సమ్మ కోసం పోయినాడు, ఇంకా రాలే." ఆ వెంటనే వకుళ మూలుగు. బతికే ఉంది. ముడి విప్పడానికి వేళ్ళు రాక, పళ్ళతో లాగాను.

మధ్యాహ్నం మూడు దాటాక ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

నెల తర్వాత తిరిగి వస్తూ పుత్తూరు ఇవతలి ఆ మొదటి రాయి దగ్గర పనిగట్టుకుని దిగి, పూలు పెట్టాను. ఆ రోజు నేను భయపడింది అపశకునానికి. అది శకునం కాదు, ఒక తల్లి దుఃఖమని ఇప్పుడు అనుకుంటాను. అయినా భయం పూర్తిగా పోయిందని చెప్పను. ఆ దారిలో బస్సు వెళుతుంటే రాళ్ళు లెక్కపెట్టడం నాకింకా అలవాటే. మీరు ఆ వైపు వెళితే ఒట్టి సుమైతాంగి అని టిక్కెట్టు అడగకండి, పక్క ఊరి పేరు కూడా చెప్పండి. చేతిలో బరువుంటే మాత్రం ఏ సుమైతాంగి మీదైనా దించండి. అది ఉన్నదే అందుకు.