కూలని ఊపిరితిత్తిని లేపిన వైనం

ఉప్పుగూడలో నాకొక గొప్ప పేరుంది: కూలిన ఊపిరితిత్తిని కత్తి పెట్టకుండా లేపిన డాక్టరునట! ఆ పేరు వెనకున్న ఘోరం చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి.

అప్పుడు నేను పాతబస్తీలోని ఒక చిన్న ఆసుపత్రిలో కొత్త డాక్టర్ని. తెల్లకోటు ఇస్త్రీ నలగకముందే ఎవరినో ఒకరిని కాపాడెయ్యాలని తొందర. ఒక పొద్దున స్కూటర్ మీంచి పడ్డ నర్సింగ్ పహిల్వాన్‌ను తీసుకొచ్చారు. కుస్తీ మానేసి ఏళ్లయింది. కండలు కరిగాయి గానీ చర్మం పాత కొలతల్లోనే ఉండిపోయింది, అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా.

పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో కుడివైపు నిలువునా ఒక గీత. ఊపిరితిత్తి కూలితే దాని అంచు ఇలాగే గీతలా కనబడుతుంది. ఇంకేం!

"అమ్మా, మీ ఆయన ఊపిరితిత్తి కూలిపోయింది. పక్కటెముకల మధ్య గొట్టం వెయ్యాలి" అన్నాను, ఆయన భార్య యాదమ్మతో.

"కూలిందా? నిరుడు వానలకు వంటింటి గోడ కూలింది, గిప్పుడు గిదా!" అంటూ ఆమె కూలబడింది.

"ఏంది కూలేది?" పహిల్వాన్ అరుపుకు కిటికీ అద్దాలు అదిరాయి. "ఊపిరి మంచిగనే ఆడుతున్నది. గొట్టం గిట్ల తెచ్చినవనుకో, నిన్నే మడతపెడ్త బిడ్డా!"

"అరవకండి, ఆయాసం వస్తుంది" అని ఓదార్చాను. చూశారా నా తెలివి? స్టెతస్కోప్ మెడలో హారంలా ఊగుతూనే ఉంది. కత్తి చేతికి తీసుకునేలోగా పెద్ద డాక్టరమ్మ వచ్చి ఎక్స్‌రేను వెలుతురుకు పట్టారు.

"ఈ గీత ఎందాక పోయిందో చూసినవా?"

"పైదాకా, మేడమ్."

"పక్కటెముకలు దాటి చంకలకు పోయింది. ఊపిరితిత్తి చంకలకెప్పుడు పోయింది బాబూ? గీత అవతల గూడ ఊపిరితిత్తి రక్తనాళాలు కనిపిస్తున్నయి; కూలితే అక్కడ ఉత్త గాలే ఉంటది. ముందుగాల ఛాతీ విను."

విన్నాను. రెండువైపులా గాలి ఒకేలా ఆడుతోంది. ఆయన వీపు కింద నలిగిన చర్మాన్ని సరిచేసి మళ్లీ ఎక్స్‌రే తీయించారు. గీత మాయం. నేను కనిపెట్టిన గండం ఉత్త చర్మం మడత! ఇంకొక్క నిమిషమైతే నిక్షేపంలాంటి ఛాతీకి చిల్లు పెట్టేవాణ్ని.

"ఇప్పుడేం లేదమ్మా, చర్మం కాస్త లాగి సరిచేశాం" అన్నాను యాదమ్మతో. పొరబడ్డానని మాత్రం ఒప్పుకోలేదు.

"గుంజి లేపినవా! దేవుడివి సారూ!"

మొన్న జల్‌పల్లి నుంచి ఒకాయన తండ్రిని వెంటబెట్టుకొచ్చాడు. "మా బాపుకు ఎక్స్‌రేల గీత వచ్చింది సార్. మీరు గుంజితే పోతదంట గద?"

అందుకే ఈ ప్రకటన. పహిల్వాన్ ఊపిరితిత్తి ఏనాడూ కూలలేదు, నేను లేపలేదు. ఇకమీద మనిషిని విన్నాకే ఎక్స్‌రే చూస్తాననీ, గీత వెంట చివరిదాకా వెళ్తాననీ, 'కూలడం' అన్న మాట గోడలకే వాడతాననీ స్టెతస్కోప్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

జల్‌పల్లి బాపును గుంజలేదు. ముందు ఛాతీ విన్నాను.