స్టాప్ బోర్డు బాబాయి

మా బాబాయి కంప్యూటర్ ఆటలో లారీ నడుపుతున్నా సరే, స్టాప్ బోర్డు కనబడితే ఆగి తీరతాడు. ఆగడమంటే అలా ఇలా కాదు. బండి పూర్తిగా నిలబెట్టి, మెడ అటూ ఇటూ తిప్పి, పైకి అప్పజెబుతాడు.

“ఎడమవైపు పెట్రోలు బంకు. గోడ మీద పిల్లి. కుడివైపు పాలవ్యాను వస్తోంది. పోనీ, పాపం.”

వెనకున్న ఆటగాళ్లు, ఏ దేశాలవాళ్లో ఏమో, హారన్లు మోగిస్తారు. ఒకడు గుద్దేశాడు కూడా. బాబాయి పక్కకు జరిగి, “ఏం తొందరో పాపం” అన్నాడు.

ఇదంతా డయాలసిస్ గదిలో. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. బట్టలు కుట్టే మనిషికి ఇప్పుడు ఎడమ చేతికి సూదులు, కుడి చేతికి లారీ. ల్యాప్‌టాప్ మోసేది నేను. అక్కడ ఆరు మంచాలు. ఏదైనా ఖాళీ అయితే ఎందుకని ఎవరూ అడగరు. దుప్పటి మారుస్తారు, అంతే. పక్క మంచం ఒక పాత లారీ డ్రైవరుది. షుగరు ఆయన కళ్లు తినేసింది. గోడవైపు తిరిగి పడుకుంటాడు, పలకడు.

మూడు గంటల్లో రెండు ఊళ్లు కూడా దాటకపోయేసరికి ఒకరోజు నాకు ఒళ్లు మండింది.

“బాబాయ్, అక్కడ పోలీసులు లేరు, మనుషులూ లేరు. పోనియ్యి!” అని నేనే మీట నొక్కేశాను. లారీ బోర్డు దాటి దూసుకుపోయింది.

“ఎవడ్రా అది?” గోడవైపు నుంచి గొంతు. “ఇంజను చప్పుడు తగ్గలేదేం? కూడలిలో ఏముందో చెప్పలేదేం?”

బాబాయి నా చేతి మీద ఒక్కటిచ్చాడు. “మా అన్న కొడుకు లెండి. వెనక్కి తీసుకెళ్తున్నా.” నిజంగానే రివర్సు చేశాడు.

బయటికొచ్చాక మెట్ల దగ్గర అసలు సంగతి చెప్పాడు.

“ఇక సూదులు వద్దు, రానని నెల కిందట నర్సుతో అన్నాడ్రా ఆ డ్రైవరు. బండి పోతుంటే చూసి చెప్పడం నాకు చేతకాదు, ఆగితేనే చెప్పగలను. లేనివి కూడా కొన్ని కలుపుతున్నాననుకో. లేచే ముందు ఏదో ఒక బోర్డు దగ్గర ఆపి, మలుపు తర్వాత ఏముందో చెప్పకుండా మూసేస్తున్నా. అది వినడానికైనా వస్తున్నాడు.”



మళ్లీ వెళ్లిన రోజు డ్రైవరు మాకంటే ముందే ఉన్నాడు. ముఖం మావైపు తిప్పుకున్నాడు. బండి కదిలిందో లేదో, అందుకున్నాడు.

“ఇన్నాళ్లూ ఓపిక పట్టానయ్యా. ఇంజను ఏడుస్తోంది. క్లచ్ పూర్తిగా తొక్కి గేరు మార్చు!”

“అలాగేనండీ” అన్నాడు బాబాయి, ఎంతో వినయంగా. తర్వాత నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలో అడిగాడు.

“క్లచ్ అంటే ఏదిరా?”