ఆర్లిస్ తలలు లెక్కపెట్టిన మధ్యాహ్నం

ఆర్లిస్ క్వామ్ ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది, అదీ మిన్నెసోటా ఉత్తరాన, మోకాలి లోతు మంచులో. ఉద్యోగం అయిపోయాక ఇల్లు అమ్మేసి, లోపలే కాపురం ఉండగల పాత ఆర్వీ బండి ఒకటి కొనుక్కుంది. ఏటా మే నెలాఖరుకి మాలాంటివాళ్ళం వేసవికి బండ్లతో, గుడారాలతో దిగే సరస్సు ఒడ్డు క్యాంపుగ్రౌండుకి వచ్చి, గేటు పక్కన మొదటి స్థలంలో బండి నిలిపేది. వచ్చినవాళ్ళకి చోటు చూపించడం, స్నానాల గదులు కడగడం, రాత్రి తొమ్మిదికి పాటలు కట్టేయించడం ఆమె పని.

మనిషి పొట్టి. గొంతు మాత్రం అవతలి ఒడ్డుకి వినపడేది. పిల్లలు సైకిళ్ళు వేగంగా తొక్కితే దారికి అడ్డంగా నిలబడిపోయేది. చాటున అందరం ‘బస్సమ్మ’ అనేవాళ్ళం. మొహం మీద అనగలిగినవాడు డ్వేన్ రాస్కు ఒక్కడే.

డ్వేన్ ఇనుప గనిలో పనిచేసి రిటైరైన మనిషి, డెబ్బై ఆరేళ్ళు. భార్య ఐలీ. ఇరవై ఏడో స్థలం, నీళ్ళకి దగ్గరగా పెద్ద పైన్ చెట్ల కింద, ప్రతి వేసవీ వాళ్ళదే. పెనుగాలి వచ్చిన ఏడు మాత్రం ఐలీ బయట కనిపించలేదు. అడిగితే, “దోమలకి జడిసి లోపలే పడుంది” అని నవ్వేసేవాడు. మేమూ నవ్వి ఊరుకున్నాం.

జులైలో ఒక శనివారం. మధ్యాహ్నం మూడింటికి గాలి పూర్తిగా ఆగిపోయింది. పడమటి ఆకాశం ఆకుపచ్చగా తిరిగింది. ఆర్లిస్ రేడియోలో పెనుగాలి హెచ్చరిక విని ఈల ఊదుకుంటూ బండి బండికీ వచ్చింది.

“బూట్లు వేసుకోండి, నడవండి! కుర్చీలు మడవక్కర్లేదు, గుడారం పోతే పోనీ! నువ్వు, ఆ కోడిమాంసం పొయ్యి మీద వదిలెయ్! గ్యాసు కట్టెయ్, చాలు!”

అందరం సిమెంటు గోడల స్నానాల గదుల్లోకి చేరాం. ఆమె గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి భుజం తాకుతూ లెక్కపెట్టింది.

“యాభై తొమ్మిది. ఇద్దరు తక్కువ,” అంది. వెనక్కి తిరిగి పరుగెత్తింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి అలా పరుగెడుతుంటే చూస్తూ కూర్చోలేక నేనూ వెళ్ళాను.

డ్వేన్ తన ట్రైలర్ బండి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“ఏం బస్సమ్మా, గంట కొట్టేశావా? నాకు బడి అయిపోయి అరవై ఏళ్ళయింది.”

“పావుగంట కూడా లేదు డ్వేన్. లే. ఐలీని పిలు.”

“ఈ సరస్సు మీద నలభై ఏళ్ళుగా గాలులు చూస్తున్నా. నువ్వెళ్ళి పిల్లకాయల్ని కాచుకో పో.”

ఆమె మెట్టు వైపు అడుగు వేసింది. అతను చప్పున లేచి తలుపుకి అడ్డం నిలబడ్డాడు. అతని వెనక తలుపు సందులోంచి, మంచం పక్కన రోగులకి పెట్టే మలమూత్రాల పళ్ళెం నాకు అప్పుడు కనిపించింది. ఆర్లిస్ కూడా చూసింది. మొదటిసారి ఆమె గొంతు తగ్గింది.

“ఆవిడ నడవలేకపోతోంది కదూ?”

డ్వేన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. “ఏప్రిల్ నుంచీ. ఎవరికీ చెప్పొద్దంది. ఇక్కడికి రావాల్సిందేనని పట్టుబట్టింది. నిన్న రాత్రి స్నానానికి ఎత్తుకెళ్తూ మెట్ల మీద జారవిడిచాను. నా చేతుల్లో సత్తువ లేదు ఆర్లిస్. అందుకే... నేనూ తనతో ఇక్కడే ఉండిపోదామనుకున్నా.”

లోపల ఐలీ మంచం మీద తల దువ్వుకుని కూర్చుంది. “ఆయన్ని తీసుకుపోండమ్మా. నేను చెబితే వినడు,” అంది.

“నా బస్సులో ఎవర్నీ వదిలిపెట్టను. దుప్పటి గట్టిగా పట్టుకో,” అంది ఆర్లిస్.

ఐలీని దుప్పట్లోకి జరిపి, కాళ్ళు ముందుగా గుమ్మం దాటించాం. ముందు కొసలు డ్వేన్, నేను. తల వైపు ఆర్లిస్. ఇరవై అడుగులు వేశామో లేదో, అవతలి ఒడ్డున చెట్లు వరసగా వంగాయి. మరుక్షణం ఆ ఒడ్డే కనపడలేదు.

“స్నానాల గదుల దాకా పోలేం! చేపల కొట్టు!” అని ఆర్లిస్ అరిచింది.

అది చేపలు కోసుకునే చిన్న సిమెంటు గది. అక్కడికి ఇంకా నలభై అడుగుల దూరం ఉంటుంది. వాన అడ్డంగా కొట్టింది. డ్వేన్ మోకాళ్ళ మీద పడ్డాడు. దుప్పటి కొస జారి ఐలీ నడుము నేలకి తగిలింది. ఆర్లిస్ ఆమె చంకల కింద చేతులు పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ ఈడ్చింది. నేను డ్వేన్‌ని కాలరు పట్టి లేపాను.

ఐలీని స్టీలు బల్ల కిందికి తోశాం. ఆర్లిస్ ఆమె మీద అడ్డంగా పడుకుంది. డ్వేన్, నేను తలుపుకి వీపులు ఆన్చి కూర్చున్నాం. రేకు కప్పు సగం లేచిపోయింది. బయట చెట్లు విరుగుతున్నాయి. ఒక్కోటి పడ్డప్పుడు నేల అదిరి పళ్ళు కొట్టుకున్నాయి. అంత భయంలోనూ బల్ల కింద నుంచి ఐలీ గొంతు వినిపించింది.

“నీ మోచెయ్యి నా పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది.”

“గుచ్చుకోనీ. కదిలావంటే చూడు,” అంది ఆర్లిస్.

గాలి పది నిమిషాల్లో వెళ్ళిపోయింది. బయటికొచ్చి చూస్తే ఇరవై ఏడో స్థలంలో పైన్ చెట్టు ట్రైలర్‌ని రెండు ముక్కలు చేసింది. మాను సరిగ్గా మంచం మీద ఉంది. డ్వేన్ అది చూసి, తడి నేల మీద చతికిలబడ్డాడు.

స్నానాల గదుల్లో అందరూ క్షేమం. అది చూసి వచ్చాక ఆర్లిస్ గోడ వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది. నేను ఆమె నుదురు పట్టుకుని నిలబడ్డాను. ఎవరైనా మెచ్చుకుంటే సంతోషిస్తుందేమోనని, “ఇద్దర్నీ బతికించావు,” అన్నాను.

“జూన్ నుంచీ రోజూ ఆ తలుపు ముందు నుంచే పోతున్నా. ఒక్కసారి లోపలికి తొంగి చూశానా?” అంది. నేనూ చూడలేదు.

దారిలో పడ్డ చెట్లు కోసి అంబులెన్సు రావడానికి నాలుగు గంటలు పట్టింది. అంతదాకా ఐలీ ఆర్లిస్ మంచం మీదే ఉంది. పక్కటెముక ఒకటి చిట్లిందని ఆసుపత్రిలో తేలింది. అది గాలి పని కాదు, బస్సమ్మ పని అని డ్వేన్ ఊరంతా చెప్పాడు, కళ్ళు తుడుచుకుంటూనే.

మరుసటి వేసవికి వాళ్ళు వేరే బండితో వచ్చి, ఆర్లిస్ పక్కన రెండో స్థలం తీసుకున్నారు. డ్వేన్ గుమ్మానికి చెక్కలతో వాలుదారి కట్టాడు. చక్రాల కుర్చీలో ఐలీ రోజూ నీళ్ళ దాకా వచ్చేది.

ఆర్లిస్ మాత్రం మారిపోయింది. ఎవరు వచ్చినా మొదటి రోజే వాళ్ళ బండి ఎక్కి, పలకరించి, మంచాల దాకా చూసి వస్తుంది. కొందరికి అది నచ్చలేదు. ఆఫీసుకి ఫిర్యాదు రాశారు. పై అధికారి వచ్చి, “జనం ఇళ్ళల్లోకి అలా దూరిపోతే ఎలా ఆర్లిస్?” అని అడిగాడు.

“తలుపు కొట్టే వెళ్తున్నాగా,” అంది ఆమె. అంటూనే చీపురు గోడకి ఆన్చి, గేటు దగ్గర అప్పుడే ఆగిన కొత్త బండి వైపు నడిచింది.