నేను చెరిపేసిన పేరు

నా చిన్నతనం తాయిఫ్ కొండ మీద గడిచిందంటే మా బంధువులు ఇప్పటికీ నమ్మరు. సౌదీ అంటే వాళ్లకు ఇసుకే. మా కిటికీలోంచి చూస్తే దానిమ్మ తోటలు కనిపించేవి. చలికాలంలో స్వెటర్ లేకుండా మా అమ్మ గుమ్మం దాటనిచ్చేది కాదు. పెళ్లయ్యాక మళ్లీ ఈ ఊరే వచ్చి, నెత్తి నెరిసేదాకా ఇక్కడే పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఈ టీచరమ్మకు నోరెక్కువ అని నాకు పేరు. అలాంటిదాన్ని, తొమ్మిదేళ్లప్పుడు నోరు తెరవాల్సిన ఒక్క చోట తెరవలేదు. ఆ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

మాది కృష్ణా జిల్లా. మా నాన్నగారు ఇక్కడి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు. తెలుగు కుటుంబాలంటే మాతో కలిపి మూడే. మిగతా వాళ్లంతా నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి ఒంటరిగా వచ్చి తోటల్లోనూ, ఘాట్ రోడ్డు పనుల్లోనూ ఉన్న మగవాళ్లు. వాళ్లు తమలో తాము ఒక పొదుపు సంఘం పెట్టుకున్నారు. నెలనెలా తలా కొంత వేసుకుని, ఇంటి దగ్గర ఆపద వచ్చినవాడికి అప్పిచ్చేవారు. సంఘానికి ఒక పెద్ద ఉండేవాడు. ఎవరి ఆపద ముందు, ఎవరిది తర్వాత అన్నది ఆయన మాట మీదే నడిచేది. అందుకే రెండేళ్లకోసారి ఆ పెద్దను ఎన్నుకునేవారు. చదువుకున్నవాడు, ఎవరి జిల్లా వాడూ కాదు అని ఎన్నిక జరిపించే పని మా నాన్నగారి నెత్తిన పెట్టారు.

నాన్నగారికి ఒక చికాకు ఉండేది. సభ్యుల్లో సగం మంది పోటీ చేసేవాళ్ల మొహం కూడా సరిగ్గా ఎరగరు. ఒకడు తోటలో, ఒకడు కొండ అంచున రోడ్డు క్యాంపులో. సెలవు దొరికేది శుక్రవారం ఒక్కటే, అదీ అందరికీ కాదు. ఎవరి మండలం వాడికి వాళ్లు వేసేసి పోయేవారు. కాగితం మీద రాసి పంపుదామంటే చదవగలిగినవాళ్లు తక్కువ. ఆలోచించి ఆలోచించి ఆయన క్యాసెట్టు మీదికి వచ్చారు.

క్యాసెట్టు వాళ్లకు కొత్త కాదు. ఇంటికి ఉత్తరాలు అలాగే వెళ్లేవి. ఊరికి పోయేవాడి చేతికి ఒక క్యాసెట్టు ఇస్తే, అక్కడ ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వినేవారు. ఆ ఉత్తరాలకు ఒక మర్యాద ఉండేది. ముందుగా ఇంట్లో ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పలకరించాలి. ముసలమ్మ నుంచి ఉయ్యాల్లో పిల్ల వరకు ఒక్క పేరు తప్పినా ఆ మనిషి అలిగేది, తిరుగు క్యాసెట్టులో ఆ అలక కూడా రికార్డయి వచ్చేది. పేరు వినిపిస్తే ఆ మనిషి గుర్తున్నట్టు, వినిపించకపోతే లేనట్టు.

ఆ ఏడు పోటీలో ఇద్దరు నిలబడ్డారు. ఒకాయన రోడ్డు పనిలో ఫోర్‌మన్, మాటకారి. రెండో ఆయన తోటలో పనిచేసేవాడు. ఆయన్ని నేను దానిమ్మల మామయ్య అనేదాన్ని. వారం వారం మా ఇంటికి దానిమ్మలు తెచ్చి, తనే ఒలిచి, గింజలన్నీ గిన్నెలో పోసి నా ముందు పెట్టేవాడు. తను ఒక్క గింజా నోట్లో వేసుకునేవాడు కాదు. నేను తింటుంటే చూస్తూ కూర్చునేవాడు. నాకు ఆయనంటే ప్రాణం.

ఎన్నికకు వారం ముందు శుక్రవారం ఇద్దరినీ మా ఇంటికి పిలిచి రికార్డు చేశారు. టేపు రికార్డరు మీటలు నొక్కే పని నాది. నాన్నగారు ఇద్దరినీ అవే మూడు ప్రశ్నలు అడిగారు. ఎందుకు నిలబడ్డారు, గెలిస్తే ఏం చేస్తారు, ఇదివరకు సంఘం పనిలో మీవల్ల జరిగిన తప్పేమిటి. మూడోది ఆయన వేసిన ఎత్తు. మనిషి తన గొప్ప చెప్పుకుంటే ఏమీ తెలియదు, తప్పు ఎలా చెప్పుకుంటాడో చూస్తే తెలుస్తుంది అనేవారు.

ఫోర్‌మన్ ఆ ప్రశ్నకు నవ్వేసి, తప్పు చేసే అవకాశమే తనకు రాలేదన్నాడు. దానిమ్మల మామయ్య మాత్రం తన తప్పు మెల్లగా చెప్పాడు. నిరుడు సంఘం పెద్ద సెలవు మీద ఊరికి పోతే డబ్బు పెట్టె తాళం తన దగ్గర ఉంది. రోడ్డు క్యాంపులో పనిచేసే ఒకతను, తన మండలం వాడే, శనివారం పూట పరుగెత్తుకొచ్చాడు. బిడ్డకు జ్వరం ముదిరింది, టికెట్టుకు అప్పు కావాలన్నాడు. శుక్రవారం కూటంలో అయిదుగురు ఒప్పుకుంటేనే ఇవ్వాలని కట్టుబాటు. శుక్రవారం దాకా ఆగమన్నాడు మామయ్య. బుధవారం టెలిగ్రాం వచ్చింది. పూచీ ఉన్న యజమాని, కఫీల్ దగ్గర పాస్‌పోర్టు తీసుకుని, విమానమెక్కి వెళ్లినా అతను బిడ్డను ప్రాణంతో చూసేవాడో కాదో తెలియదు, కానీ నలుగురినీ లేపి అడగాల్సింది, కట్టుబాటు పట్టుకుని కూర్చున్నాను అన్నాడు. ఆ పిల్ల పేరు చెప్పాడు. తొమ్మిదేళ్లన్నాడు. అంతటి మనిషీ అక్కడ ఏడ్చాడు.

వాళ్లు వెళ్లాక అమ్మ గిన్నెలు సర్దుతూ నిట్టూర్చింది. "ఈయన ఇలా చెప్పుకుంటే ఎవరు వేస్తారండీ ఓటు?" అంది. నేను ఆ మాట పట్టుకున్నాను.

మర్నాడు బడి నుంచి వచ్చాక టేపు ముందు కూర్చున్నాను. రెండు మీటలు కలిపి నొక్కితే పాతది పోయి కొత్తది పడుతుందని నాకు తెలుసు. మా అమ్మమ్మ మాటల మీద నా పద్యం ఎక్కించి అంతకుముందే తన్నులు తిన్నాను. మామయ్య తప్పు మొదలయ్యే చోటు వెతికి, రెండు మీటలూ నొక్కి, ఊపిరి బిగపట్టి కూర్చున్నాను. వంటింట్లో పప్పు ఉడుకుతోంది. కుక్కర్ విజిల్ వేసింది. ఆ తప్పు కథంతా పోయిందని చూసుకుని లేచాను. ఎంత మంచి పని చేశానో అని ఆ సాయంత్రమంతా నాలో నేనే మురిసిపోయాను. నాన్నగారు మళ్లీ వినకుండానే దానికి కాపీలు తీసి తోటలకూ, క్యాంపుకూ పంపేశారు.

గురువారం మధ్యాహ్నం. నాన్నగారు ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. అమ్మ మేడ మీద బట్టలు ఆరేస్తోంది. దానిమ్మల మామయ్య ముందు గదిలో కూర్చుని గింజలు ఒలుస్తున్నాడు. తలుపు చప్పుడైతే తీశాను. బక్కపలచటి మనిషి, చేతిలో తాడు కట్టిన సంచీ. క్యాంపు నుంచి నీళ్ల ట్యాంకరెక్కి వచ్చాడట. పని వదిలేసి, పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇంటికి పోతున్నాడు, జెద్దా టాక్సీ ఎక్కబోతూ, మామయ్య ఇక్కడున్నాడని విని ఇటు వచ్చాడు. మామయ్య లేచి నిలబడిన తీరు చూస్తేనే అర్థమైంది, ఆ పిల్ల తండ్రి ఈయనే అని.

ఆయన కూర్చోలేదు. జేబులోంచి క్యాసెట్టు తీశాడు.

"అన్నా, టేపుల నా బిడ్డ పేరు చెప్తనంటివి. మూడుసార్లు విన్న. అడిగినకాడ కుక్కర్ సీటీ వస్తుంది. ఎనుక ముచ్చటే లేదు."

మామయ్య నోరు తెరిచాడు. అంతలో ఆయన చూపు వంటింటి పొయ్యి మీది కుక్కర్ దాకా వెళ్లింది. అక్కడి నుంచి నా మీదికి వచ్చింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాను. నా మొహంలో ఏం కనబడిందో, ఆయన తల దించుకున్నాడు.

"తప్పయింది తమ్మీ. చెప్పనీకె ధైర్యం సాలలే" అన్నాడు.

అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మా ఇంటిది నాతోని మాట్లాడుతలేదన్నా, నువ్వెందుకు రాలేదని. ఈ టేపు వినిపిద్దామనుకున్న. ఆడ ఒకలు మన బిడ్డను పేరు వెట్టి తలుసుకున్నరని చెప్దామనుకున్న. గదొక్కటన్న తీస్కపోదామనుకున్న" అన్నాడు. క్యాసెట్టు బల్ల మీద పెట్టాడు. సంచీ ఎత్తుకుని మెట్లు దిగాడు. ఆ మెట్లు పదహారు. పదహారు మెట్ల సేపూ నేను పిలవొచ్చు. పిలవలేదు.

వీధి తలుపు మూసుకున్నాక ఏడుపు వచ్చింది. నేనే చెరిపాను మామయ్యా అన్నాను. ఎరుకే బిడ్డా అన్నాడు. మరి ఆయనకు ఎందుకు చెప్పలేదంటే, "నిన్ను పట్టిచ్చి నేను మంచోన్ని గావాల్నా?" అన్నాడు. నా చేతులు తన చేతుల్లోకి తీసుకున్నాడు. దానిమ్మ రసంతో ఆయన వేళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నా మీద పానంతోనే చేసినవ్. గని ఒకటి యాదికుంచుకో. రేపు వాళ్లు వాళ్ల ఆపదలన్నీ నా చేతుల వెడ్తరు. నన్ను సగమే చూపిస్తే వాళ్లు ఎవన్ని ఎన్నుకున్నట్టు? నా తప్పు ఏడికి పోతది బిడ్డా, నువ్వు చెరిపినా నా తాననే ఉంటది. పోయింది ఆ పిల్ల పేరు."

నాన్నగారు రాగానే అన్నీ చెప్పేశాను. ఆయన చొక్కా కూడా మార్చుకోకుండా కారు తీసుకుని టాక్సీ స్టాండుకు పరుగెత్తారు. జెద్దా టాక్సీ వెళ్లిపోయింది. ఆ రోజుల్లో చేతుల్లో ఫోన్లు లేవు, ఒకసారి కొండ దిగిన మనిషి దిగినట్టే. నాన్నగారు నన్ను కొట్టలేదు. పంపే ముందు నేను వినాల్సింది అని తననే తిట్టుకుంటూ కూర్చున్నారు.

శుక్రవారం మా ముందు గదిలోనూ, మెట్ల మీదా జనం. రెండు పాలపొడి డబ్బాలకు ఇద్దరి ఫొటోలు అంటించి పెట్టారు. తలా ఒక ఖర్జూరం గింజ తమకు నచ్చినవాడి డబ్బాలో వేయాలి. దానికి ముందు నాన్నగారు లేచి, క్యాసెట్టు మా ఇంట్లో చెడిందనీ, అందులో ఒక ముక్క పోయిందనీ, దాన్ని ఆ మనిషి నోటే విని అప్పుడు ఓటు వేయమనీ చెప్పారు. ఎవరు చెరిపారో చెప్పవద్దని మామయ్య ముందే ఒట్టు వేయించుకున్నాడు. తర్వాత ఆయన లేచి మొత్తం మళ్లీ చెప్పాడు. ఆ పిల్ల పేరు చెప్పాడు. వచ్చినవాళ్లంతా విన్నారు. వినవలసిన మనిషి మాత్రం అప్పటికి విమానంలో ఉన్నాడు.

మామయ్య ఓడిపోయాడు. చాలా తేడాతో ఓడిపోయాడు. ఫోర్‌మన్ చెడ్డవాడని రాస్తే కథ బాగుంటుంది కానీ అది అబద్ధం. ఆయన సంఘాన్ని బాగానే నడిపాడు. ఆపదలో అప్పు అడిగితే శుక్రవారం దాకా ఆగనక్కర్లేదని కట్టుబాటు కూడా మార్పించాడు. వాళ్లు మనిషిని పూర్తిగా చూసి వేశారు, అది వాళ్ల హక్కు. నా ఏడుపు మామయ్య ఓడినందుకు కాదు.

మళ్లీ ఒక క్యాసెట్టు రికార్డు చేశారు. ఈసారి నేను మీట నొక్కి, అయిపోయేదాకా దూరంగా నిలబడ్డాను. ఆ తండ్రిని, తల్లిని, చివర ఆ పిల్లను, ఉత్తరంలో పలకరించినట్టే మామయ్య పేరు పెట్టి పలకరించాడు. ఊరికి పోయేవాడి చేతికిచ్చి పంపారు. నాలుగు నెలలకు అదే క్యాసెట్టు తిరిగి వచ్చింది. ఇంటికి తాళం వేసి ఉందట. మొగుడూ పెళ్లాం భివండీ మగ్గాల పనికి పోయారని కొందరు, విడిపోయి ఎవరి దారిన వాళ్లు పోయారని కొందరు చెప్పారట. ఏది నిజమో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆ రెండో మాట నిజం కాకూడదని ఇన్నేళ్లుగా దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను.

మామయ్య దానిమ్మలు తేవడం మాత్రం మానలేదు. పెద్దయ్యాక ఒకసారి వెనక్కి లెక్క చూసుకుంటే, ఆయన మా ఇంటికి పళ్లు తేవడం మొదలుపెట్టింది ఆ టెలిగ్రాం వచ్చిన వారమే. ఆ గిన్నెలో గింజలు ఎవరికోసం ఒలిచాడో అప్పుడు తెలిసి, నడివీధిలో నిలబడి ఏడ్చాను. అప్పటికి ఆయన లేడు.

ఇప్పటి సంఘం పిల్లలకు క్యాసెట్టు అంటే ఏమిటో తెలియదు. ఎన్నిక వచ్చినప్పుడు పోటీదారుల మాటలు వాట్సాప్‌లో జిజాన్ దాకా, హఫర్ అల్ బాతిన్ దాకా నిమిషంలో వెళ్లిపోతాయి. రికార్డు చేయించే పని నాకు అప్పగించారు. ఆ మూడు ప్రశ్నలే అడుగుతాను. మొన్న ఒకబ్బాయి మూడోదానికి జవాబు చెబుతూ తడబడితే, పక్కనున్న కుర్రాడు, మంచివాడే, అతని మీద ప్రేమ ఉన్నవాడే, "మేడమ్, ఆ ముక్క కట్ చేద్దాం, పాపం ఓట్లు పోతాయి" అన్నాడు. నేను ఫోన్ లాక్కున్నాను. అంత కోపం ఎందుకొచ్చిందో ఆ పిల్లలకు అర్థం కాలేదు. పంపే ముందు మొదటి నుంచి చివరి దాకా విన్నాను. ఎప్పుడూ వింటాను.

తిరిగి వచ్చిన ఆ క్యాసెట్టు నా బీరువాలోనే ఉంది. ఇంత రాసి ఎవరి పేరూ చెప్పలేదు. పెద్దవాళ్లందరూ వెళ్లిపోయారు, వాళ్ల పేర్లు చెప్పడం నాకు మర్యాద కాదు. ఒక్క పేరు మాత్రం చెప్పాలి, అది నేను బాకీ. ఆమె బతికి ఉంటే ఇప్పుడు నా ఈడుదే, తలకు రంగు వేసుకోవాలా వద్దా అని నాలాగే విసుక్కుంటూ ఉండేది. ఆ పిల్ల పేరు గంగమణి.